మోకు ఎవరిని నమ్ముకుంటుంది? ఫిట్స్ ఉన్నవారు, సాహస క్రీడలు

[తెర మీద భువనగిరి కోట బండ. తాడు కట్టుకున్న ఒక మనిషి నిదానంగా పైకి ఎక్కుతుంటాడు. వ్యాఖ్యాత గొంతు మొదలవుతుంది.]

నమస్కారం. నాకు పదకొండేళ్లుగా ఫిట్స్ ఉన్నాయనీ, అయినా సెలవు దొరికితే భువనగిరి బండ ఎక్కుతాననీ తెలిసినవారు నాతో రెండు మాటల్లో ఏదో ఒకటి తప్పకుండా అంటారు. మొదటిది, "ఫిట్స్ ఉన్నవాళ్లు ఎత్తుల జోలికీ నీళ్ల జోలికీ పోకూడదు" అనేది. రెండోది, "గుండె ధైర్యం ఉంటే ఏ జబ్బూ అడ్డు రాదు, కానివ్వండి" అనేది. మొదటి మాట నాకు చిరాకు తెప్పిస్తుంది, రెండోది భయం పుట్టిస్తుంది. మూర్ఛ వచ్చిన ఆ రెండు నిమిషాల్లో ధైర్యంగా ఉండవలసిన మనిషే అక్కడ ఉండడు కదా!

మూర్ఛ అంటే ఏమిటో ఇక్కడ మళ్లీ వివరించను. చేతిలో తాళంచెవులు పెట్టినంత మాత్రాన అది ఆగదన్న సంగతి కూడా మీకు తెలిసే ఉంటుంది. తెలిసి కూడా మనవాళ్లు పెడుతూనే ఉన్నారు గానీ, ఆ గొడవ మరో వీడియోలో చూసుకుందాం.

[తెర మీద తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు.]

ఈ వీడియో అంతటికీ నేను ఒకే ఒక్క వస్తువును పట్టుకుని వేలాడబోతున్నాను. అది మోకు. గీత కార్మికుడు తన నడుమునూ తాటిచెట్టునూ కలిపి చుట్టుకునే ఆ తాడును మనలో చాలామంది చిన్నప్పటి నుంచీ చూశాం. అరవై అడుగుల ఎత్తున రెండు చేతులూ వదిలేసి అతడు గెలలు చెక్కుతుంటే, మోకే అతణ్ని మోస్తోందని అనుకుంటాం. నిజానికి మోకు పనిచేయాలంటే అతని పాదాలు చెట్టును నొక్కి పట్టాలి, అతని నడుము వెనక్కి వాలాలి, ఆ బిగువు ఒక్క క్షణం కూడా సడలకూడదు. అంటే మోకు అతని మెలకువను నమ్ముకుని పనిచేస్తుంది. కాలు జారినా, కళ్లు తిరిగినా దానికి చేతనైనది చాలా తక్కువ. అందుకే గీత కార్మికులు చెట్ల మీద నుంచి పడి చనిపోవడం, నడుములు విరగడం తరతరాలుగా జరుగుతూ వచ్చింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో హార్నెస్ (ఒంటికి బిగించుకునే పట్టీల కూర్పు), తాళ్లు, క్లిప్పులు ఉన్న కిట్లను ఇవ్వడం మొదలుపెట్టింది. కాలు జారినా మనిషి చెట్టుకు వేలాడుతూ నిలిచిపోవాలన్నది వాటి వెనక ఉన్న ఆలోచన.

మోకుకూ కవచానికీ ఉన్న ఈ తేడాలోనే నేను చెప్పదలచుకున్నదంతా ఉంది. ఏ సాహస క్రీడ దగ్గరికి వెళ్లినా నేను అడిగే ప్రశ్న ఒక్కటే: నేను లేని రెండు నిమిషాలు ఇక్కడ నన్ను పట్టుకునేది మోకా, కవచమా? "ఎంత ఎత్తు, ఎంత లోతు" అనే ప్రశ్నలు దాని తర్వాతే వస్తాయి.

"లేకపోవడం" అందరికీ ఒకేలా ఉండదు కాబట్టి, ముందుగా ఎవరి ఫిట్స్ ఎలాంటివో వారు తెలుసుకోవాలి. ఒళ్లంతా కొట్టుకునే రకం సాధారణంగా ఒకటి నుంచి మూడు నిమిషాలుంటుంది, కానీ ఆ తర్వాతి అయోమయం అంతకన్నా చాలాసేపు సాగుతుంది. కొందరు కొన్ని క్షణాలు శూన్యంలోకి చూసి మళ్లీ మామూలవుతారు. మరికొందరు కూలిపోరు, అరవరు. తెలివి మసకబారి, చేతులు వాటంతట అవే చొక్కా గుండీలనో ఒడిలో ఉన్న వస్తువులనో తడుముతుంటాయి. బండ మీద నన్ను అన్నింటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ చివరి రకమే, ఎందుకంటే అక్కడ ఆ చేతుల కింద ఉండేవి గుండీలు కావు, హార్నెస్ బకిల్, తాడును హార్నెస్‌కు తగిలించే లోహపు కొక్కెం, అంటే కారబినర్. అటువంటి ఫిట్స్ ఉన్నవారు ఒక్క నొక్కుతో తెరుచుకునే కారబినర్ కాకుండా మర బిగించి తాళం వేసేది వాడాలి. బకిల్‌ను ఎక్కే ముందు మరొకరు సరిచూడాలి. నిద్రలో మాత్రమే ఫిట్స్ వచ్చేవారి లెక్క వేరు, నిద్ర చాలని మరునాటి ఉదయం చేతులు ఉలిక్కిపడే రకం వారి లెక్క వేరు. "ఫిట్స్ ఉన్నవాళ్లు" అని అందరినీ ఒకే గాటన కట్టే సలహా ఎవరు చెప్పినా, వారు వైద్యులైనా సరే, నేను మరో న్యూరాలజిస్టును వెతుక్కుంటాను.

[తెర మీద మూడు నిలువు వరుసలు.]

వైద్యులు కూడా ఈ విషయంలో మనసు మార్చుకున్నారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1968లో మూర్ఛ ఉన్నవారు ఒకరినొకరు ఢీకొనే ఆటలు ఆడకూడదని చెప్పి, 1974లో ఆ మాటను సడలించింది. మూర్ఛపై పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐఎల్ఏఈ నియమించిన నిపుణుల బృందం 2016లో ప్రచురించిన నివేదిక ఆటలను మూడు తరగతులుగా విడదీసింది. అదనపు ప్రమాదం పెద్దగా లేనివి మొదటి తరగతి. ఆడేవారికి ఓ మోస్తరు ప్రమాదం ఉన్నా చుట్టుపక్కలవారికి లేనివి రెండోది. ఆడేవారికి ప్రాణాపాయం ఉండి, కొన్నింటిలో పక్కవారికి కూడా ఆ ప్రమాదం ఉన్నవి మూడోది. క్రికెట్, వాలీబాల్, పరుగు పందేలలో ఎక్కువ భాగం మొదటి తరగతిలో ఉంటాయి. ఈత, సైకిల్, గుర్రపు స్వారీ రెండో తరగతిలో ఉంటాయి. కొండలెక్కడం, స్కూబా డైవింగ్, పారాచూట్, మోటారు పందేలు మూడో తరగతికి చెందుతాయి.

ఇక్కడ ఒక చిన్న ఫిర్యాదు చేసుకుంటాను. ఈ చర్చ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు దక్షిణాఫ్రికా క్రికెటర్ జాంటీ రోడ్స్ పేరు తీసుకొస్తారు. ఆయనకు మూర్ఛ ఉన్నది నిజమే. 1992 ప్రపంచకప్‌లో ఇంజమామ్‌ను రనౌట్ చేయడానికి వికెట్ల మీదికి గాలిలో దూకినదీ నిజమే. అయితే ఆయన దూకింది పచ్చిక మీదికి. కింద నేల ఉంది, పక్కన పదిమంది ఉన్నారు. అదే కవచం. ఆయనను చూపించి ఎవరినైనా సముద్రంలోకి దిగమంటే అది ఆయన ఆటను సరిగా చూడకపోవడమే అవుతుంది. నాకు నచ్చే ఉదాహరణ ఫ్రాన్స్ సైక్లిస్టు మారియన్ క్లిగ్నే. మూర్ఛ కారణంగా కారు నడిపే అనుమతి పోవడంతో ఆమె పనికి సైకిల్ మీద వెళ్లడం మొదలుపెట్టింది, చివరికి 1996, 2000 ఒలింపిక్స్‌లో వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ పందేల కోసమే కట్టిన ట్రాక్ మీద, వెండి పతకాలు గెలిచింది. ఎదురుగా లారీలు రాని చోట ఆమె గెలిచిందన్న సంగతి మరచిపోకండి.

[మళ్లీ భువనగిరి బండ.]

ఇప్పుడు బండ దగ్గరికి వద్దాం. తాడు పైనున్న కొక్కెం గుండా వచ్చి కింద నిలబడిన మనిషి చేతిలోని, తాడును బిగపట్టే బిలే పరికరంలో ముగుస్తుంది. దీన్ని టాప్ రోప్ అంటారు. నేను మధ్యలో స్పృహ తప్పినా ఒక అడుగో రెండడుగులో జారి తాడుకు వేలాడతాను. ఇది కవచం. తాడును తనే తీసుకువెళ్తూ దారి పొడవునా క్లిప్పులకు తగిలించుకుంటూ ఎక్కేది లీడ్. అందులో చివరి క్లిప్పు తర్వాత ఎంత ఎక్కామో దానికి రెట్టింపు పైగా కిందపడతాం, ఒళ్లు స్వాధీనంలో లేకుండా పడితే బండకు ఎలా తగులుతామో చెప్పలేం. ఇది సగం మోకు, సగం కవచం. కొత్తవారు నమ్మని విషయం ఇంకొకటుంది. ఎక్కడం కంటే తాడు మీద దిగడం, అంటే ర్యాపెల్లింగ్, తేలిక పని కాబట్టి క్యాంపుల్లో మొదటిరోజే అందరి చేతా అదే చేయిస్తారు. కానీ దిగేటప్పుడు బ్రేకు పట్టేది మీ సొంత చెయ్యి. ఆ చెయ్యి వదిలితే సూటిగా నేల మీదికే. సరిగ్గా తాటిచెట్టు మీది మోకు! కాబట్టి ఫిట్స్ ఉన్నవారు ర్యాపెల్ చేయాలంటే, చెయ్యి వదిలినా తాడును బిగపట్టే చిన్న ముడిని హార్నెస్‌కు తగిలించాలి, లేదా కింద ఒకరు తాడు కొస పట్టుకుని ఉండాలి, వీలైతే రెండూ కావాలి. ఇక ఇతరులకు బిలే పట్టడం సంగతి. నేను ఒంటరిగా పట్టను, తాడు కొసను పట్టుకునే రెండో మనిషి నా వెనక ఉండాలి. నా ప్రాణం మీద నిర్ణయం నాది, పైనున్నవారి ప్రాణం మీద నిర్ణయం నాది కాదు.

కవచంలోనూ ఒక లోపం ఉంది. నడుముకు మాత్రమే ఉన్న హార్నెస్‌లో స్పృహ లేని మనిషి వెనక్కి ఒరిగి తలకిందులు కావచ్చు, అందుకని ఛాతీ పట్టీ కూడా ఉంటే మేలు. ఒంట్లో కదలిక లేకుండా తాడుకు ఎక్కువసేపు వేలాడటం కూడా ప్రాణానికి ముప్పే. అందువల్ల ముందు కిందికి దింపాలి, మిగతావన్నీ నేల మీద చూసుకోవాలి.

[తెర మీద రుషికొండ తీరం.]

నీళ్ల విషయంలో నా స్వరం మారుతుంది. మూర్ఛ ఉన్నవారు నీట మునిగి చనిపోయే ప్రమాదం మామూలు జనంతో పోలిస్తే 15 రెట్లకు పైగా ఉంటుంది, అందులో ఇంట్లోని స్నానాల గది కూడా కలిసి ఉంది. బండ నుంచి జారినవాణ్ని తాడు పట్టుకుంటుంది, నీటిలో జారినవాణ్ని పట్టుకునే మనిషికి ముందు అతడు కనిపించాలి. కయాకింగ్‌కు, అంటే తెడ్డుతో చిన్న పడవ నడపడానికి వెళ్తే అక్కడ ఇచ్చే జాకెట్టును తిప్పి చూడండి. చేతులు ఆడటానికి వీలుగా సన్నగా ఉండే రకం మెలకువగా ఉన్నవాణ్ని తేల్చడానికి మాత్రమే పనికొస్తుంది. మెడ వెనక దిండు ఉన్న అసలైన లైఫ్ జాకెట్టు మాత్రం స్పృహ లేనివాణ్ని వెల్లకిలా తిప్పి ముఖాన్ని పైకి ఉంచేలా తయారవుతుంది. రెండూ నారింజ రంగులోనే ఉంటాయి, ఒకటి మోకు, ఒకటి కవచం.

స్కూబాలో ఆ రెండూ లేవు. పది మీటర్ల లోతున ఫిట్ వస్తే నోటిలోని గాలి గొట్టం జారిపోతుంది. తోడున్నవాడు కిందనే ఉంచితే నీరు లోపలికి పోతుంది. పైకి తెస్తే, పది మీటర్ల నుంచి ఉపరితలానికి వచ్చేసరికి ఊపిరితిత్తుల్లోని గాలి రెట్టింపవుతుంది, బిగుసుకుపోయిన గొంతు గుండా ఆ గాలి బయటికి రాలేక ఊపిరితిత్తులు చిట్లవచ్చు. బ్రిటన్‌లోని డైవింగ్ వైద్య నిపుణులు మందులు మానేసి, ఫిట్స్ లేకుండా అయిదేళ్లు గడిస్తేనే అనుమతి అన్న నియమాన్ని చాలాకాలం పాటించడానికి కారణం ఇటువంటి పరిస్థితులే. రుషికొండలో నా స్నేహితులు డైవింగ్‌కు దిగినప్పుడు నేను ఒడ్డున బజ్జీలు తింటూ కూర్చున్నాను. అందులో నాకేమీ చిన్నతనం అనిపించలేదు.

సమయం అయిపోతోంది కాబట్టి మిగిలినవి వేగంగా చెబుతాను.

గాలిలో ఒంటరి ప్యారాగ్లైడింగ్ పూర్తిగా మోకే, పైలట్‌తో కలిసి ఎగిరేది కొంత నయం. అయితే దిగే సమయంలో మీ ఒళ్లు బిగుసుకుంటే ఆయనకు కూడా దెబ్బలు తగులుతాయి కాబట్టి, ఎగిరే ముందే ఆయనకు చెప్పి తీరాలి. ఆరోగ్య పత్రంలో "లేదు" అని గీత గీసి ఎగిరేవారిని నేను సాహసికులనను.

అలసట వల్ల ఫిట్స్ వస్తాయన్న భయం ఎక్కువమంది విషయంలో నిజం కాదు. మెదడులోని విద్యుత్తును నమోదు చేసే ఈఈజీ గదిలో మూడు నిమిషాలు గబగబా ఊపిరి తీయించి మెదడును పరీక్షిస్తారు కదా, వ్యాయామంలో కూడా అదే జరుగుతుందని చాలామంది అనుకుంటారు. కూర్చుని ఆయాసపడితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. పరుగెత్తేటప్పుడు ఒళ్లే దాన్ని ఎక్కువగా తయారుచేస్తుంది కాబట్టి ఊపిరి లెక్క సరిపోతుంది. హిమాలయాల ఎత్తుల్లో మాత్రం గాలి పలచబడి ఊపిరి వేగం పెరుగుతుంది, కార్బన్ డయాక్సైడ్ నిజంగానే తగ్గుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు, శిఖరానికి బయలుదేరేది అర్ధరాత్రి కావడం. నిద్ర చెడితే చాలామందికి ఫిట్స్ తలుపు తడతాయి.

మందుల విషయానికొస్తే, ఎత్తుల్లో వచ్చే జబ్బు రాకుండా అందరూ మింగే డయామాక్స్‌ను, ఫిట్స్‌కు టోపిరమేట్ అనే మందు వాడేవారు వైద్యుణ్ని అడగకుండా ముట్టుకోకూడదు. రెండూ ఒకే దారిలో పనిచేసి రక్తంలో ఆమ్లాన్నీ, మూత్రపిండాల్లో రాళ్ల ముప్పునూ పెంచుతాయి. కార్బమజపైన్ అనే మరో ఫిట్స్ మందు వాడేవారికి రక్తంలో సోడియం తగ్గే స్వభావం ఉంటుంది, రోజంతా నడుస్తూ ఉప్పు లేని నీళ్లు మాత్రమే తాగితే అది మరింత పడిపోయి దానివల్లనే ఫిట్ రావచ్చు. మలేరియా మాత్ర మెఫ్లోక్విన్ మనకు పనికిరాదు. మాత్రలను రెండు సంచుల్లో వేరువేరుగా పెట్టుకోండి.

ఇక చివరిది, మూడో తరగతి క్రీడలకు ముందు కనీసం పన్నెండు నెలలు ఫిట్స్ లేకుండా ఉండాలన్నది 2016 నివేదిక చెప్పే కొలత. ఆ తర్వాత కూడా నిర్ణయం మీ న్యూరాలజిస్టుతో కలిసి తీసుకోవలసిందే. నాకు బిలే పట్టే అన్న ప్రతి ఉదయం నమస్కారానికి బదులు "తమ్ముడూ, మాత్ర వేసుకున్నావా, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావ్?" అని అడుగుతాడు. ఒకసారి, ఎక్కబోయే ముందు, బండ కిందనే బూట్లు తొడుక్కుంటుండగా నాకు ఫిట్ వచ్చింది. ఆయన నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టాడు, తల కింద తాడు సంచి పెట్టాడు, నోట్లో ఏదీ పెట్టనివ్వలేదు, గడియారం చూస్తూ కూర్చున్నాడు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలన్నది మేం ముందే అనుకున్న మాట, రెండున్నర నిమిషాలకే అది ఆగింది. గంట తర్వాత నేను తేరుకుని, ఒక్కసారి ఎక్కి దిగుతానని బతిమాలాను. ఆయన తాడు చుట్టేసి సంచిలో పెట్టేశాడు. ఆ రోజు నుంచి పన్నెండు నెలలు నేను కింద నిలబడి, ఎక్కేవారిని కెమెరాతో తీస్తూ గడిపాను. ఈ చానల్‌లోని మొదటి వీడియోలు అవే.