పాత క్యాబినెట్‌లో కొత్త యంత్రం: బోర్డు పడుతుంది, మరి గాలి?

నమస్కారం. ఈ బల్ల మీద ఉన్నది 1990ల చివరి నాటి ఏటీఎక్స్ టవర్ క్యాబినెట్, అంటే నిలువు కంప్యూటర్ డబ్బా. ఒకప్పటి దంతపు రంగు పసుపు తిరిగింది. ఫ్లాపీ డ్రైవు సందు ఇంకా నోరు తెరుచుకునే ఉంది. దీని లోపల ఇప్పటి ప్రాసెసర్‌ను, ఇప్పటి గ్రాఫిక్స్ కార్డును కూర్చోబెట్టాలి. బయట నుంచి చూసినవాళ్లకు అనుమానం కూడా రాకూడదు. ఇలాంటి వేషధారి యంత్రాలను ఈ పిచ్చి ఉన్నవాళ్లు స్లీపర్ అంటారు. నాకూ ఆ పిచ్చి ఉంది కాబట్టే ఈ వీడియో.

ఈ పనికి దిగేవాళ్లు మొట్టమొదట అడిగేది ఒకటే: కొత్త మదర్‌బోర్డు, అంటే భాగాలన్నీ అమరే ప్రధాన బోర్డు, ఇందులో పడుతుందా? నిక్షేపంగా పడుతుంది. బోర్డుకూ డబ్బాకూ కొలతలు నిర్ణయించే ఏటీఎక్స్ ప్రమాణాన్ని ఇంటెల్ ప్రకటించింది 1995లో. పూర్తి పరిమాణం బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు. వెనుక కనెక్టర్లు బయటికి కనిపించే కిటికీ 158.75 మిల్లీమీటర్లు, 44.45 మిల్లీమీటర్లు. కార్డుకూ కార్డుకూ మధ్య 20.32 మిల్లీమీటర్లు. ఈ కొలతలు అప్పుడూ ఇవే, ఇప్పుడూ ఇవే. కాబట్టి బోర్డు గురించి బెంగ పెట్టుకోకండి. ఈ డబ్బాలో పట్టనిది గాలి.

ఎందుకో చెబుతాను. ఆ కాలపు పెంటియం ఎంఎంఎక్స్ 233 ప్రాసెసర్ గరిష్ఠంగా వాడేది 17 వాట్లు. 2023లో వచ్చిన కోర్ ఐ9 14900కే ప్రాసెసర్ గరిష్ఠ పరిమితి 253 వాట్లు. ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 450 వాట్లు. ఈ కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది, ఆ వేడి డబ్బా దాటి బయటికి పోవాలి. లెక్క చాలా తేలిక. గంటకు 85 ఘనపు మీటర్ల గాలి నిజంగా డబ్బా గుండా ప్రవహిస్తే, 400 వాట్ల వేడి ఆ గాలిని సుమారు 14 డిగ్రీలు వేడెక్కిస్తుంది. ప్రవాహం సగానికి తగ్గితే 28 డిగ్రీలు. గదిలో 30 డిగ్రీలుంటే మీ ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్‌కు అందేది 58 డిగ్రీల దాకా వేడెక్కిన గాలి అన్నమాట. కూలర్ ఎంత ఖరీదైనదైనా దానికి అందిన గాలి కంటే చల్లగా ఏదీ చేయలేదు. నిజంగా అని ఎందుకు నొక్కి చెప్పానంటే, ఫ్యాను అట్టపెట్టె మీద రాసే అంకె ముందూ వెనుకా అడ్డం లేనప్పటిది. డబ్బాలో బిగించాక అందులో ఎంతో కొంత పోతుంది.

ఇప్పుడు ఈ ముఖం సంగతి చూద్దాం. ప్లాస్టిక్ ముఖాన్ని లాగేశాను. దాని వెనుకే ఉన్న ముందు రేకుకు 80 మిల్లీమీటర్ల ఫ్యాను బిగించే చోటు ఒకటి ఉంది. దాని ముందు రేకులోనే పొడిచిన చిన్న చిన్న రంధ్రాల జాలి. దాని ముందు ఈ ప్లాస్టిక్. అందులో గాలికి దారి ఎక్కడుందో వెతకండి. కింద, అంచు వెంట, ఇదిగో, ఈ సన్నని చీలిక. అంతే. దీని వెనుక ఎంత గొప్ప ఫ్యాను పెట్టినా ముక్కు మూసి పరుగెత్తమన్నట్టే.

నా సలహా, ముఖాన్ని కోయకండి. స్లీపర్‌కు ఉన్న అందమంతా ఆ ముఖమే. దాన్ని రేకుకు అంటించకుండా ఆరు మిల్లీమీటర్లు ముందుకు జరిపి, మధ్యలో చిన్న గొట్టపు ముక్కలు పెట్టి బిగించండి. ముఖం 400 మిల్లీమీటర్ల ఎత్తు, 180 మిల్లీమీటర్ల వెడల్పు అనుకుంటే చుట్టుకొలత 1160 మిల్లీమీటర్లు. ఆరుతో గుణిస్తే దాదాపు 70 చదరపు సెంటీమీటర్ల దారి తెరుచుకుంటుంది. 120 మిల్లీమీటర్ల ఫ్యానుకు కోసే రంధ్రం 100 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. అంటే అందులో మూడింట రెండు వంతులు ఎవరి కంటా పడకుండా దొరికినట్టే. మిగతాది ఖాళీ సీడీ డ్రైవు మూతల నుంచి తీసుకోవచ్చు. మూత మధ్య భాగం తీసేసి, అదే రంగు వేసిన సన్న జాలి అంటిస్తే రెండడుగుల దూరం నుంచి తేడా తెలియదు.

ఆ సీడీ డ్రైవు అరలు నిజంగా వరం. ఒక్కో అర ఎత్తు సుమారు 41 మిల్లీమీటర్లు. మూడు అరలు కలిస్తే 120 మిల్లీమీటర్ల ఫ్యాను సరిగ్గా ఇమిడిపోతుంది, ముక్క కూడా కోయనక్కరలేదు. కింద హార్డు డిస్కుల పంజరం మాత్రం పోవాలి. 300 మిల్లీమీటర్లు దాటిన గ్రాఫిక్స్ కార్డుకు అది అడ్డు. పంజరాన్ని పట్టుకుని ఉన్నవి రివెట్లు. తల మీద డ్రిల్లు ఆనించి మెల్లగా తిప్పితే తల ఊడి వస్తుంది, మిగిలిన కాడను సుత్తితో తట్టితే పోతుంది. అయితే ఒక్క మాట. పంజరం తీసేశాక క్యాబినెట్‌ను మూల పట్టుకుని మెలిపెట్టి చూడండి. ఊగుతోందంటే రెండు మూలలకు ఎల్ ఆకారపు పట్టీలు వేయాల్సిందే. మూడు స్లాట్ల చోటు తీసుకునే కార్డు బరువు దీని మీదే పడబోతోంది.

ఇక వెనుక ఫ్యాను. 80 చోట 120 పెట్టాలంటే ఇక్కడ కోయక తప్పదు. 80 ఫ్యానుకు మరల (స్క్రూల) మధ్య దూరం 71.5 మిల్లీమీటర్లు, 120కి 105. ఫ్యాను రంధ్రాల బొమ్మను అసలు కొలతలో కాగితం మీద ముద్రించి అంటించండి. దాని చుట్టూ రెండు పొరల టేపు. వెనుక చెక్క పలక పెట్టి బిగించి, 114 మిల్లీమీటర్ల హోల్‌సాతో, అంటే గుండ్రంగా కోసే రంపంతో, తక్కువ వేగంలో, రెండు చుక్కల నూనె వేస్తూ కోయాలి. కోత పూర్తవుతుండగా వినండి. గరగర శబ్దం హఠాత్తుగా పలచబడుతుంది. అక్కడ చేతి బరువు తగ్గించకపోతే పళ్లు రేకును పట్టుకుని వంచేస్తాయి. తరువాత ఆకురాయి, ఎప్పుడూ ఒకే దిక్కున. వేలు పెట్టి నునుపు చూడాలని అనిపిస్తుంది, గుడ్డ పెట్టి చూడండి. దారం లాగిందంటే ఇంకా గరుకుంది. కోసిన అంచుకు రంగు పూయండి, లేదంటే తుప్పు పడుతుంది. ఇదంతా డబ్బా ఖాళీగా ఉన్నప్పుడే చేయాలని వేరే చెప్పాలా? రేకు పొడి బోర్డు మీద పడితే ఎక్కడ ఏ రెండు కాళ్లను కలుపుతుందో ఎవరూ చెప్పలేరు.

కూలర్ విషయంలో నాకు కచ్చితమైన అభిప్రాయం ఉంది. ఇలాంటి డబ్బాలో గాలి కూలర్ పడితే నీళ్ల కూలర్ జోలికి వెళ్లకండి. ప్రాసెసర్ పైతలం నుంచి పక్క తలుపు వరకు కొలవండి. నాక్టువా ఎన్‌హెచ్-డీ15 ఎత్తు 165 మిల్లీమీటర్లు, ఎన్‌హెచ్-యూ12ఎస్ 158. అంత చోటుంటే పని అయిపోయినట్టే. చిన్న టవర్లలో పవర్ సప్లై బోర్డు మీదికి వేలాడుతూ ఉంటుంది. అక్కడ 70 మిల్లీమీటర్ల ఎన్‌హెచ్-ఎల్12ఎస్ లాంటివి పెట్టుకుని, ప్రాసెసర్ వాట్ల పరిమితిని బయోస్‌లో, అంటే బోర్డు సెట్టింగుల్లో, తగ్గించుకోవడమే తెలివైన పని.

నీళ్లే కావాలంటారా, సరే. నీళ్ల వేడిని గాలిలోకి వదిలే రేడియేటర్ మందం సాధారణంగా 27 మిల్లీమీటర్లు, ఫ్యాను 25. మొత్తం 52. కార్డు చివర నుంచి ముందు రేకు వరకు అంత మిగలాలి. పై కప్పు కింద చోటు అడగకండి, పాత టవర్లలో అక్కడ పవర్ సప్లై ఉంటుంది. నేల మీద పెట్టేస్తే పోలేదా అని కొందరికి తోస్తుంది. వద్దు. గొట్టాల్లోని గాలి బుడగలు అన్నిటికంటే ఎత్తైన చోటుకు చేరతాయి. రేడియేటర్ నేల మీద ఉంటే ఆ ఎత్తైన చోటు పంపు అవుతుంది. గుడగుడ మొదలై, పంపు ఆయుష్షు తగ్గుతుంది. రేడియేటర్ పైకొన పంపు కంటే ఎత్తుగా ఉండాలి. విడి భాగాలతో సొంతంగా కట్టుకునేవాళ్లు ప్రాసెసర్ మీద కూర్చునే రాగి బ్లాకుకు అల్యూమినియం రేడియేటర్ జత చేయకండి. ఆ రెండు లోహాల మధ్య నీరు చేరితే అల్యూమినియం తినుకుపోతుంది.

పవర్ సప్లై, అంటే మనం ఎస్‌ఎంపీఎస్ అనే డబ్బా. 150 మిల్లీమీటర్ల వెడల్పు, 86 ఎత్తు, మరల చోట్లు కూడా పాతవే. పొడవు ఒక్కటే మారుతుంది. దాని ఫ్యాను కిందికి చూడాలి. పైకి తిప్పితే మూసిన కప్పుకు ఎదురుగా ఊపిరాడదు. ఒక సరదా సంగతి, ఏటీఎక్స్ తొలి రూపంలో పవర్ సప్లై గాలిని బయటికి కాకుండా లోపలికి, ప్రాసెసర్ మీదికి ఊదాలని అనుకున్నారు. తరువాత ఆ ఆలోచన మానుకున్నారు. ఆ కాలపు పవర్ సప్లైని మాత్రం తిరిగి వాడకండి.

మీ దగ్గరున్నది ఏటీఎక్స్ కంటే ముందటి, ఇంకా పాత ఏటీ క్యాబినెట్ అయితే, ముందు వైపు ఉన్న పవర్ మీట దగ్గర ఆగండి. ఆ మీటలోకి గోడ కరెంటే నేరుగా వస్తుంది. ఆ తీగను, మీటను పూర్తిగా తీసేసి, నొక్కి వదిలే చిన్న స్విచ్ పెట్టాలి. కొత్త బోర్డుకు కావలసింది రెండు పిన్నులను క్షణం కలపడమే. 2004 తరువాత వచ్చిన, బీటీఎక్స్ అనే మరో ప్రమాణపు క్యాబినెట్లయితే బోర్డు ఎదుటి వైపు పలకకు బిగిస్తారు, వాటిని వదిలేయడమే మేలు. 2003లో యాపిల్ తెచ్చిన పవర్ మ్యాక్ జీ5 అల్యూమినియం డబ్బా చూడముచ్చటగా ఉంటుంది, కానీ దాని స్టాండాఫ్‌లు, అంటే బోర్డును నిలబెట్టే చిన్న కాళ్లు, ఏటీఎక్స్‌కు సరిపోవు, బోర్డు పలకనే మార్చాలి. అది వేరే వీడియో అంత పని.

స్టాండాఫ్ అన్నాను కాబట్టి, బోర్డు బిగించే ముందు ఈ ఇత్తడి కాళ్లను లెక్కపెట్టండి. బోర్డులో రంధ్రం లేని చోట ఒక్కటి మిగిలినా అది అడుగు నుంచి షార్టు చేస్తుంది. బోర్డు, ప్రాసెసర్, మెమరీ బయటే, అట్ట మీద పెట్టి ఒకసారి ఆన్ చేసి చూశాకే లోపలికి పంపండి. గ్రాఫిక్స్ కార్డుకు 12 వోల్టుల కొత్త రకం కనెక్టర్ ఉంటే, తీగ మొదటి 35 మిల్లీమీటర్లు వంగకుండా తిన్నగా రావాలి, ఆ తరువాతే వంపు. తలుపు మూస్తే ఆ వంపు నలుగుతుందేమో ఇప్పుడే చూసుకోండి.

అంతా బిగించాక పరీక్ష. అరగంట పాటు బరువైన పని ఇచ్చి, పక్క తలుపు తీసి ఉంచి ప్రాసెసర్, కార్డు వేడిమి రాసుకోండి. తలుపు మూసి మళ్లీ అరగంట. తేడా మూడు నాలుగు డిగ్రీలైతే దారి బాగున్నట్టే, మర బిగించేయండి. పది దాటితే కొత్త కూలర్ కొనడానికి పరుగెత్తకండి. ముఖాన్ని లాగేసి మళ్లీ కొలవండి. తేడా అప్పుడు తగ్గిపోతే తప్పు ముఖానిది, సందు ఇంకో రెండు మిల్లీమీటర్లు పెంచాలి. తగ్గకపోతే వెనుక నుంచి గాలి పోవడం లేదు, అక్కడ రేకులోని జాలి ఇంకా మిగిలి ఉంటే కోసేసి తీగ జాలి పెట్టండి.