తాడు తన్యత, వేలాడే భారం ఒకటేనా?

సభకు నమస్కారం.

ఇరుసుపై తేలికగా తిరిగే ఒక కప్పీ, దాని అంచుకు చుట్టిన సన్నని దారం, ఆ దారం కొసన వేలాడే ఒక దిమ్మ: ఈ ప్రసంగానికి ఇంతకు మించిన సరంజామా అక్కరలేదు. ఈ లెక్క ఇస్తే చాలామంది మొదటి వరుసలోనే దారంలోని తన్యత, అంటే బిగిసిన దారం లాగే బలం, దిమ్మ భారానికి సమానమని రాసేస్తారు. విద్యార్థి దశలో నేనూ అలాగే రాశాను. కప్పీని చేత్తో పట్టి ఆపినంతసేపూ ఆ మాట నిజమే కనుక, తప్పు ఎక్కడ జరిగిందో ఒక పట్టాన అంతుచిక్కదు.

దిమ్మ ద్రవ్యరాశి 1 కిలోగ్రాము, కప్పీ 2 కిలోగ్రాముల నిండు బిళ్ల, దాని వ్యాసార్థం 10 సెంటీమీటర్లు అనుకుందాం. దారానికీ దిమ్మకూ నడుమ తేలికైన స్ప్రింగు త్రాసును కట్టి చూస్తే, కప్పీ కదలనంతవరకు అది 9.8 న్యూటన్లు చూపుతుంది. చెయ్యి తీయగానే ముల్లు కాసేపు ఊగి 4.9 దగ్గరకు దిగుతుంది. దిమ్మ భారం ఏమీ తగ్గలేదు. అయితే అది త్వరణంతో కిందికి దిగాలంటే భూమి లాగే బలం దారం లాగే బలాన్ని మించి ఉండాలి. రెండూ సమానమైతే, విశ్రాంతిలో ఉన్న దిమ్మ వదిలిన చోటనే వేలాడుతూ ఉండిపోవాలి.

ఇక లెక్కకు వద్దాం. దిమ్మ భారంలోంచి తన్యతను తీసివేస్తే మిగిలే బలం దాని ద్రవ్యరాశి, త్వరణాల లబ్ధానికి సమానం. కప్పీ విషయంలో తన్యతను వ్యాసార్థంతో గుణిస్తే టార్క్, అంటే తిప్పే ప్రభావం, వస్తుంది. జడత్వ భ్రామకాన్ని (భ్రమణంలో మార్పుకు వస్తువు చూపే జడత్వాన్ని) కోణీయ త్వరణంతో (తిరిగే వేగం పెరిగే రేటుతో) గుణిస్తే వచ్చేది ఈ టార్క్‌కు సమానం. దారం జారదు కాబట్టి కోణీయ త్వరణాన్ని వ్యాసార్థంతో గుణిస్తే దిమ్మ త్వరణమే వస్తుంది. నిండు బిళ్ల జడత్వ భ్రామకం దాని ద్రవ్యరాశిని వ్యాసార్థ వర్గంతో గుణిస్తే వచ్చే లబ్ధంలో సగం కనుక, వీటన్నింటినీ కలిపినప్పుడు వ్యాసార్థం ఆనవాలు లేకుండా కొట్టుకుపోతుంది. నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. 2 కిలోగ్రాముల బిళ్ల దిమ్మకు మరో 1 కిలోగ్రాము మోత అయి కూర్చుంటుంది. త్వరణం గురుత్వ త్వరణంలో సగమై, సెకనుకు సెకనుకు 4.9 మీటర్లు అవుతుంది. అదే ద్రవ్యరాశితో కప్పీని రెట్టింపు వెడల్పు చేసినా దిమ్మ ఇంతే త్వరణంతో దిగుతుంది, కప్పీ కోణీయ త్వరణం మాత్రం సగమవుతుంది. బిళ్లకు బదులు అంతే బరువున్న పలుచని వలయం ఉంటే, ద్రవ్యరాశి అంతా అంచునే ఉంటుంది కనుక త్వరణం 3.27కు పడిపోతుంది.

దిమ్మను విప్పేసి, దారాన్ని చేత్తో సరిగ్గా 9.8 న్యూటన్ల బలంతో లాగితే మొదటి కప్పీ కోణీయ త్వరణం సెకనుకు సెకనుకు 98 రేడియన్లు. దిమ్మను వేలాడదీస్తే 49 మాత్రమే. మొదటి సందర్భంలో బలమంతా కప్పీకే చేరుతుంది, రెండవ సందర్భంలో దిమ్మ తనను తాను కదిలించుకోవడానికి అందులో సగం ఖర్చవుతుంది.

శక్తి లెక్క కూడా ఇదే చెబుతుంది. దిమ్మ 1 మీటరు దిగితే కోల్పోయే 9.8 జౌళ్ల స్థితిజ శక్తిలో 4.9 దిమ్మ వేగానికి, 4.9 కప్పీ భ్రమణానికి దక్కుతాయి. ఆ మీటరు దిగడానికి పట్టే కాలం 0.64 సెకన్లు, అడ్డేదీ లేకుండా పడితే 0.45 సెకన్లే. ప్రయోగశాలలో మీ గడియారం 0.64 కన్నా గణనీయంగా ఎక్కువ చూపితే, సూత్రాన్ని అనుమానించే ముందు ఇరుసులో ఘర్షణ ఎంత ఉందో చూడండి.