గాజుల కడ్డీకి చీటీ ఉండదు: సిగ్నల్ డేటా, బైనరీ ఫైళ్ళు

నమస్కారం. "సార్, సిగ్నల్‌ను బైనరీ ఫైల్లో భద్రపరిచాను, తిరిగి చదివితే అర్థంలేని అంకెలు వస్తున్నాయి, ఫైలు చెడిపోయిందా?" అని హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టుల కాలం వచ్చినప్పుడల్లా నన్ను అడుగుతూనే ఉంటారు. బైనరీ ఫైలంటే సంఖ్యలను అక్షరాలుగా కాక నేరుగా బైట్లుగా దాచిన ఫైలు; అది నిక్షేపంగానే ఉంటుంది. తనలో ఏ రకం సంఖ్యలున్నాయో ఫైలే చెబుతుందని వారు నమ్మడం వల్లనే ఈ చిక్కంతా వస్తోంది.

(తెరపై: గాజుల దుకాణం)

చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్‌లో ఒక కడ్డీకి గాజులను సందు లేకుండా గుచ్చి ఉంచారనుకోండి. దానికి వివరం రాసిన చీటీ ఏదీ లేదు; సెట్టుకు రెండు గాజులా, నాలుగా, ఎనిమిదా అన్నది గుచ్చినవాడికే తెలుస్తుంది. బైనరీ ఫైలు ఆ కడ్డీ, ఒక్కో బైటు (8 బిట్లు) ఒక్కో గాజు, ఒక్కో సంఖ్య ఒక్కో సెట్టు. 16 బిట్ల పూర్ణాంకమైన ఇంట్16 అయితే సెట్టుకు రెండు, దశాంశ సంఖ్యల రకాల్లో సింగిల్ అయితే నాలుగు, డబుల్ అయితే ఎనిమిది. సెకనుకు 44,100 నమూనాల (సిగ్నల్‌ను కొలిచిన విలువల) చొప్పున ఒక సెకను ధ్వనిని డబుల్‌గా రాస్తే 3,52,800 బైట్లు, ఇంట్16గా రాస్తే 88,200 బైట్లు అవుతాయి. రెండేసిగా గుచ్చినదాన్ని నాలుగేసిగా విప్పితే సగం సెట్లే వస్తాయి, అవీ పొంతన లేనివే.

లెక్కల సాఫ్ట్‌వేర్ మ్యాట్‌ల్యాబ్‌లో రకం చెప్పకుండా, ఫైల్లో రాసే ఆదేశం ఎఫ్‌రైట్‌ను పిలిస్తే అది ప్రతి విలువనూ గుర్తులేని 8 బిట్ల పూర్ణాంకంగా, అంటే సెట్టుకు ఒకే గాజుగా రాస్తుంది. మైనస్ ఒకటి నుంచి ఒకటి వరకు ఊగే మీ సైన్ తరంగంలో దశాంశ భాగమూ, మైనస్ గుర్తూ రెండూ మిగలవు, పైగా ఏ హెచ్చరికా రాదు. సిగ్నళ్ళతో పనిచేసేవారికి ఇంతకన్నా ప్రమాదకరమైన అప్రమేయ ఎంపిక ఉండదని నా అభిప్రాయం. కనుక రాసేటప్పుడు 'డబుల్' అనో 'ఇంట్16' అనో తప్పక పేర్కొనండి, తిరిగి చదివే ఎఫ్‌రీడ్‌లోనూ అదే మాట రాయండి. చదివే ముందు ఫైలు పరిమాణాన్ని సెట్టులోని బైట్ల సంఖ్యతో భాగించి చూడండి. మీ నమూనాల సంఖ్య రాకపోతే పొరపాటు అక్కడే దొరికిపోతుంది.

ఇక సెట్టులో ఏ గాజు ముందన్న ప్రశ్న ఉంది. మన ల్యాప్‌టాప్‌లు చిన్న విలువగల బైటును ముందు రాస్తాయి, కొన్ని పరికరాలు పెద్ద విలువగలదాన్ని ముందు రాస్తాయి. ఇంట్16లో 1 అని రాసినదాన్ని తిరగేసి చదివితే 256 వస్తుంది. ఫైలు తెరిచే ఎఫ్‌ఓపెన్‌కు మూడవ వివరంగా ఈ వరుసను ఇవ్వవచ్చు.

సమయం మించిపోతోంది, మిగిలినవి త్వరగా చెబుతాను. రెండు అడ్డు వరుసల మాత్రికలో వరుసకొకటిగా రెండు ఛానళ్ళుంటే (ఎడమ, కుడి ధ్వనుల్లా), మ్యాట్‌ల్యాబ్ నిలువు వరుసల క్రమంలో రాస్తుంది కనుక నమూనాలు ఒకటి విడిచి ఒకటిగా కలుస్తాయి; పైథాన్ భాషలోని లెక్కల లైబ్రరీ నంపైలో ఫైలు రాసే టుఫైల్ అడ్డు వరుసల క్రమంలో రాస్తుంది కనుక మొదటి ఛానలంతా అయ్యాకే రెండవది వస్తుంది. చీటీ కట్టిన కడ్డీయే కావాలంటే నంపైలో సేవ్ వాడండి, అది రకాన్నీ ఆకారాన్నీ ఫైలు మొదట్లోనే రాసిపెడుతుంది. చీటీలేని ఫైలే కావలసివస్తే, నమూనాల రేటు, రకం, బైట్ల వరుస, ఛానళ్ళ సంఖ్య పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్లో రాయండి. చివర ఫైలును మూసే ఎఫ్‌క్లోజ్ మరచిపోకండి.