ఏ సుబ్బారావు? ఇంటిపేరుతో చెప్పండి

మేనకోడలు: అందరికీ నమస్కారం. ఈ వారం మా మామయ్యను మైకు ముందు కూర్చోబెట్టాను. ఆయన డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మామయ్యా, మొన్న పండక్కి భోజనాల దగ్గర మీరు ఒక మాట అన్నారు. "సుబ్బారావు గొప్పవాడు అని ఎవరైనా అంటే, ఏ సుబ్బారావు అని అడగకుండా తలూపకూడదు" అని. అక్కడినుంచే మొదలుపెడదామా?

మామయ్య: మొదలుపెడదామమ్మా. గోదావరి జిల్లాల్లో వీధిలో నిలబడి "సుబ్బారావుగారూ" అని పిలిస్తే, ఒకప్పుడు నాలుగు అరుగుల మీంచి నలుగురు లేచేవారు. అందులో ఒకాయన ప్లీడరు, ఒకాయన కవి, ఒకాయన డాక్టరు అయ్యుండేవారు. నేను చెప్పబోయే సుబ్బారావులు కూడా అలాంటివాళ్లే, కాకపోతే వీళ్లు ఒక్క వీధికి పరిమితం కాలేదు.

మేనకోడలు: అసలు ఇంతమందికి ఆ పేరు ఎందుకు పెట్టారు?

మామయ్య: సుబ్రహ్మణ్యేశ్వరుడి పేరు కదా. మనవాళ్లకు సుబ్బారాయుడంటే పుట్టలోని నాగేంద్రుడు కూడా. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, ఆ పుట్టమన్ను పిల్లల చెవులకు రాస్తాం. పిల్లలు కలగకపోయినా, పుట్టినవాళ్లు దక్కకపోయినా మోపిదేవిలో మొక్కుకునేవారు. మొక్కు తీరితే మగపిల్లవాడు సుబ్బారావో సుబ్బయ్యో అవుతాడు, ఆడపిల్ల సుబ్బలక్ష్మో సుబ్బమ్మో అవుతుంది. ఆ పేరులో ఒక తల్లి భయం, ఆశ రెండూ ఉన్నాయి. అందుకే ఆ పేరును ఎవరైనా పాతకాలం పేరని తేలిగ్గా తీసేస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

మేనకోడలు: మీకు ఎప్పుడూ మొదట గుర్తొచ్చేది యల్లాప్రగడ సుబ్బారావు కదా?

మామయ్య: గుర్తు రావడమా! నా ఉద్యోగ జీవితమంతా ఆయన పేరుతోనే గడిచింది. ల్యాబులో ఫాస్ఫరస్‌ను కొలిచే ప్రయోగం ఒకటి ఉంది. పరీక్ష నాళికలో నమూనా తీసుకుని, ఆమ్లం కలిపిన అమ్మోనియం మాలిబ్డేట్ పోస్తాం. తర్వాత క్షయకరణ ద్రావణం కొద్దిగా కలిపితే నీలం రంగు మెల్లగా తేలుతుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. ఆ రంగును కలరీమీటరులో చూసి లెక్క కడతాం. దాని పేరు ఫిస్కే–సుబ్బారో పద్ధతి. 1925లో వచ్చింది. పిల్లలు రికార్డు పుస్తకంలో ఆ పేరు రాసేవాళ్లు, గీత కొట్టేవాళ్లు, కానీ ఆ సుబ్బారో భీమవరంలో పుట్టినవాడని వాళ్లలో చాలామందికి తెలియదు.

మేనకోడలు: "సుబ్బారో" అనగానే ఎవరో విదేశీయుడనుకుంటారు.

మామయ్య: అదే నా బాధ. ఫిస్కే అన్నది ఆయన భాగస్వామి ఇంటిపేరు. సుబ్బారావు అన్నది ఈయనకు పెట్టినపేరు. అమెరికాలో పేరు చివర ఉన్నదే ఇంటిపేరు అనుకుంటారు. మనకు ఇంటిపేరు ముందుంటుంది. దాంతో యల్లాప్రగడ జారిపోయి సుబ్బారో మిగిలింది. ఆయన గౌరవార్థం ఒక శిలీంధ్ర ప్రజాతికి కూడా పేరు పెట్టారు, సుబ్బారోమైసిస్ అని. అందులోనూ యల్లాప్రగడ లేదు. మన దగ్గరేమో ఇంటిపేరు లేకపోతే ఆ మనిషి ఎవరో తెలియనే తెలియదు.

మేనకోడలు: ఆయన కథ కాస్త తీరిగ్గా చెప్పండి మామయ్యా.

మామయ్య: 1895 జనవరిలో పుట్టాడు. రాజమండ్రిలో చదివాడు, తర్వాత మద్రాసు వెళ్లాడు. మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టాడు. అది సర్జరీ ప్రొఫెసరుకు నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. కాకుండా దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా ఇచ్చి పంపారు. కొన్నాళ్లు మద్రాసులోనే ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పాడు. 1922లో బోస్టన్ చేరి, హార్వర్డులో ఫిస్కేతో కలిసి పనిచేశాడు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తర్వాత కణాలన్నిటికీ శక్తినందించే ఏ.టి.పి.ని అక్కడ గుర్తించారు.

ఇంకో విషయం చెప్పాలి. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గిపోయి మనిషి కృశించిపోతాడు. అప్పుడు దానికి మందు లేదు. ఏళ్ల తర్వాత, 1945లో, న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకు అది మందయింది. పాఠం చెబుతూ ఇక్కడికి వచ్చినప్పుడల్లా నేను ఒక్క నిమిషం ఆగేవాణ్ని. గొంతు సర్దుకోవాల్సి వచ్చేది.

మేనకోడలు: బోదకాలు మాత్రలు కూడా ఆయనవే అన్నారు ఒకసారి.

మామయ్య: అవును, డి.ఇ.సి. మాత్రలు. 1947లో ఆయన ప్రయోగశాలలోంచే వచ్చాయి. మన కోస్తాలో బోదకాలు ఎంత పీడించిందో మీ తరానికి తెలియకపోవచ్చు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి, ఎదురుగా నిలబడి మింగించిన మాత్రలు అవే. భీమవరంలో పుట్టినవాడు పనిచేసి తేల్చిన మందు, సముద్రాలు దాటి మళ్లీ గోదావరి గడపకే వచ్చింది. ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే మందులు కూడా అక్కడే తయారయ్యాయి. వాటితోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సర్ ఉన్న పిల్లలకు మొదటిసారి కొంత ఊరట తెచ్చాడు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇవాళ కీళ్లవాతానికి కూడా రాస్తున్నారు. ఆయన మాత్రం 1948లో, యాభై మూడేళ్లకే పోయాడు. మళ్లీ ఇల్లు చూడలేదు.

మేనకోడలు: ఇదే 1895లో ఇంకో సుబ్బారావు పుట్టారని మీరు చెప్పినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

మామయ్య: నండూరి సుబ్బారావు! ఏలూరు దగ్గర వసంతవాడ. ఈయనా మద్రాసుకే చదువుకు వెళ్లాడు, క్రిస్టియన్ కాలేజీకి. ఆ కాలేజీ అప్పటికింకా తాంబరం వెళ్లలేదు, జార్జిటౌనులోనే ఉండేది. యల్లాప్రగడవారి మెడికల్ కాలేజీ సెంట్రల్ స్టేషను పక్కన. నడిచి వెళ్లేంత దూరం. 1917, 18 ప్రాంతంలో ఈ ఇద్దరు సుబ్బారావులూ ఒకే నగరంలో, ఒకే వయసులో ఉన్నారు. ట్రాములో వస్తుండగా ఎంకి పాట మొదటిది నండూరివారికి తట్టిందని చెప్పుకుంటారు. అదే ట్రాములో ఇంకో మూల ఖద్దరు చొక్కాతో మరో సుబ్బారావు కూర్చున్నాడేమోనని నేను ఊహించుకుంటూ ఉంటాను. అది నా ఊహేనమ్మా, చరిత్ర కాదు.

మేనకోడలు: ఇక 1925...

మామయ్య: ఆ ఏడాదే ఎంకి పాటలు పుస్తకంగా వచ్చాయి, ఆ ఏడాదే ఫిస్కే–సుబ్బారో వ్యాసం అచ్చయింది. ఇద్దరికీ ముప్పై ఏళ్లు. ఒకాయన పల్లెటూరి మాటకు కావ్యంలో పీట వేశాడు. నాయుడుబావ, ఎంకి మాట్లాడుకున్నట్టు అంతకుముందు మన కవిత్వంలో ఎవరు మాట్లాడుకున్నారు? పండితులు ముఖం చిట్లించినా జనం పాడుకున్నారు. నండూరివారు తర్వాత ఏలూరులో వకీలుగా స్థిరపడ్డారు.

మేనకోడలు: ఆయన్ని, నాయని సుబ్బారావుగారిని కలిపేసేవాళ్లు చాలామంది.

మామయ్య: కలపకూడదు. నాయనివారు వేరే కవి, భావకవే. భావకవిత్వానికి దారి వేసిన రాయప్రోలు సుబ్బారావుగారు మరో ఆయన. ఆయన కావ్యం తృణకంకణం 1912లో వచ్చింది. తర్వాత ఉస్మానియాలో తెలుగు చెప్పారు. ఒకే కవితా ఉద్యమంలో ముగ్గురు సుబ్బారావులు! అక్కడ రాయప్రోలు, నండూరి, నాయని అని ఇంటిపేర్లు చెబితేగాని పాఠం ముందుకు సాగదు. శ్రీకాకుళంలో జముకుల కథతో రైతాంగ ఉద్యమాన్ని పాడిన సుబ్బారావు పాణిగ్రాహికి మాత్రం ఇంటిపేరు చివరన ఉంటుంది.

మేనకోడలు: కోర్టు వైపు వెళ్దాం. కోకా సుబ్బారావు.

మామయ్య: రాజమండ్రి బిడ్డ, 1902లో పుట్టారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. గోలక్‌నాథ్ కేసు అందరికీ తెలుసు. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని 1967లో ఆరుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపు తీర్పిచ్చారు. 1973లో కేశవానంద భారతి కేసులో దాన్ని పక్కనపెట్టారు. నాకు మాత్రం అంతకంటే ఖరక్‌సింగ్ కేసు ఇష్టం.

మేనకోడలు: 1962ది.

మామయ్య: అదే. పోలీసులు ఒక మనిషి ఇంటి మీద నిఘా పెట్టారు. రాత్రిపూట వచ్చి తలుపు తట్టడం తప్పని కోర్టు ఒప్పుకుంది. కానీ గోప్యత అనేది రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని ఎక్కువమంది న్యాయమూర్తులు అన్నారు. సుబ్బారావుగారు ఒప్పుకోలేదు. వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత కూడా భాగమేనని, నిఘా మొత్తం చెల్లదని విడిగా రాశారు. అది ఓడిపోయిన అభిప్రాయం. యాభై అయిదేళ్లు అలాగే ఉంది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చి, ఆనాడు ఆయన రాసిందే సరైనదంది. అప్పటికి ఆయన పోయి నాలుగు దశాబ్దాలు దాటింది.

మేనకోడలు: రాజమండ్రిలోనే ఇంకో వకీలు సుబ్బారావు ఉన్నారు కదా?

మామయ్య: న్యాపతి సుబ్బారావు పంతులుగారు. 1856లో పుట్టారు. 1878లో మద్రాసులో ఆరుగురు యువకులు రూపాయి పన్నెండణాలు అప్పు చేసి, ఎనభై ప్రతులు అచ్చువేసి హిందూ పత్రిక మొదలుపెట్టారు. ఆ ఆరుగురిలో ఈయన ఒకరు. తర్వాత రాజమండ్రి వచ్చి ప్లీడరుగా, కాంగ్రెసు నాయకుడిగా పేరు తెచ్చుకున్నారు. అదే 1856లో పుట్టిన మరో వకీలు తల్లాప్రగడ సుబ్బారావు. దివ్యజ్ఞాన సమాజంలో, అంటే థియోసాఫికల్ సొసైటీలో, ఆయన మాటకు గొప్ప విలువ ఉండేది. 1886లో అడయారులో భగవద్గీత మీద ఉపన్యాసాలిచ్చారు. ముప్పై నాలుగు నిండకుండానే వెళ్లిపోయారు.

మేనకోడలు: తల్లాప్రగడ, యల్లాప్రగడ. వినడానికి కూడా దగ్గరగా ఉన్నాయి.

మామయ్య: పైగా ఇద్దరూ ఇంగ్లీషులో రావును ఆర్, ఓ, డబ్ల్యూ అనే రాసుకున్నారు. కోకావారు, రిజర్వు బ్యాంకు గవర్నరుగా చేసిన దువ్వూరి సుబ్బారావుగారు ఆర్, ఏ, ఓ అని రాస్తారు. ఇంగ్లీషు గ్రంథాలయంలో వెతికితే వీళ్లు వేరువేరు అరల్లో దొరుకుతారు. తెలుగులో మాత్రం అందరికీ అవే అక్షరాలు.

మేనకోడలు: దువ్వూరివారు ఏలూరులో పుట్టారు. నండూరివారు వకీలుగా ఉన్న ఊరు.

మామయ్య: అవును, 1949లో. 2008 సెప్టెంబర్ 5న గవర్నరుగా చేరారు. సరిగ్గా పది రోజులకు అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కుప్పకూలింది. కొత్త కుర్చీ వేడెక్కకముందే ప్రపంచమంతా సంక్షోభం. అయిదేళ్లు నిలబడి పనిచేశారు.

మేనకోడలు: మామయ్యా, చివరగా ఆ ల్యాబు రికార్డుల సంగతి చెప్పండి. నాకు చిన్నప్పటినుంచి ఇష్టమైన కథ.

మామయ్య: కథేముందమ్మా. ఆ ప్రయోగం రోజున ప్రతి బ్యాచికీ ఒకటే చెప్పేవాణ్ని. పుస్తకంలో ఉన్నట్టే శీర్షిక రాయండి, పరీక్షకు అదే కావాలి. కానీ కింద తెలుగులో "యల్లాప్రగడ సుబ్బారావు, భీమవరం" అని రాశాకే నా దగ్గరికి సంతకానికి రండి అని. కొందరు నీలం సిరాతోనే రాసేవారు, నాళికలో తేలిన రంగులాగే ఉండాలని. మొన్న ఒక పాత విద్యార్థిని ఫోను చేసింది. ఇప్పుడు తనూ లెక్చరరే. "సార్, నా పిల్లల చేత కూడా రాయిస్తున్నాను, ఒక అబ్బాయి మాది భీమవరమే మేడమ్ అని లేచి నిలబడ్డాడు" అంది.