టెక్లా స్ట్రక్చర్స్ మోడలింగ్ రివ్యూ: కట్‌లు, కనెక్షన్లు, బోల్టులు, నంబరింగ్

నమస్కారం అండీ. ఈ వీడియోలో స్టీల్ కట్టడాలని త్రీడీలో మోడల్ చేసే సాఫ్ట్‌వేర్ టెక్లా స్ట్రక్చర్స్‌ని స్టీల్ డీటెయిలర్ కళ్లతో, అంటే తయారీ డ్రాయింగులు తీసే మనిషి కళ్లతో చూద్దాం. ఏ బటన్ ఎక్కడుందో చూపించే వీడియోలు బోలెడున్నాయి, ఆ పని ఇక్కడ పెట్టుకోవట్లేదు. మోడల్ కట్టాక దాన్నుంచి మూడు రావాలి: షాప్ డ్రాయింగ్ (షాప్ అంటే స్టీల్ కోసి తయారుచేసే వర్క్‌షాప్), బోల్ట్ లిస్ట్, కోతలు, రంధ్రాల కొలతలతో మెషీన్‌కి వెళ్లే ఎన్‌సీ ఫైల్. ఈ మూడూ సరిగ్గా రావడానికి సాఫ్ట్‌వేర్ ఎక్కడ మనకి అండగా ఉంటుంది, ఎక్కడ తప్పు జరిగినా నోరు మెదపదు? రివ్యూ అంతా దీని మీదే.

ఒక్క ముక్క చరిత్ర. ఇది ఫిన్లాండ్‌లో ఎక్స్‌స్టీల్ అనే పేరుతో మొదలైంది. టెక్లా కంపెనీని 2011లో ట్రింబుల్ కొనేసింది. ఇప్పటికీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్ల పేర్లు ఎక్స్‌ఎస్ అనే అక్షరాలతో మొదలవుతాయే, అవి ఆ పాత పేరు నుంచి వచ్చినవే.

ముందు పాయింట్ పట్టుకోవడం సంగతి. కొత్తవాళ్ల మోడల్‌లో మొదట దెబ్బతినేది ఇదే. ప్లాన్ వ్యూలో పైనుంచి చూస్తే బీమ్ గ్రిడ్ మీదే ఉన్నట్టుంటుంది. పక్కనుంచి చూస్తే ఒక చివర ఆ ఫ్లోర్‌లో, ఇంకో చివర కింద ఫ్లోర్‌లో ఉంటుంది. కారణం స్నాప్ డెప్త్, అంటే కర్సర్ ఏ లోతులోని పాయింట్లని పట్టుకోవాలో చెప్పే సెట్టింగ్. అది త్రీడీలో ఉంటే, కర్సర్ కింద ఏ ఎత్తులో పాయింట్ దొరికితే దాన్ని పట్టేస్తుంది. ప్లాన్‌లో, ఎలివేషన్‌లో పనిచేసేటప్పుడు దాన్ని ప్లేన్‌కి మార్చండి. అప్పుడు వ్యూ ప్లేన్ మీది పాయింట్లే పట్టుకుంటుంది. ఆటో అని ఇంకోటుంది. అది పర్‌స్పెక్టివ్ వ్యూలో త్రీడీలా, మామూలు వ్యూలో ప్లేన్‌లా పనిచేస్తుంది. ఇందులో పనిచేసేవాళ్లు వ్యూ రకం మీద ఓ కన్నేసి ఉంచాలి.

వర్క్ ప్లేన్, అంటే కొలతలు లెక్కేసే తలం విషయంలోనూ అంతే. వాలుగా ఉన్న రాఫ్టర్ (కప్పు బీమ్) మీద క్లీట్లు (కలపడానికి వాడే చిన్న ముక్కలు) పెట్టాలంటే మూడు పాయింట్లతో వర్క్ ప్లేన్ మార్చుకుంటాం. పని అయ్యాక వెనక్కి గ్లోబల్‌కి తేకుండా వదిలేస్తే, తర్వాత చేసే కాపీ, మూవ్ అన్నీ ఆ వాలు లెక్కలోనే జరుగుతాయి. సాఫ్ట్‌వేర్ దీన్ని గుర్తు చేయదు.

ఇప్పుడు బీమ్. సెలెక్ట్ చేస్తే రెండు హ్యాండిళ్లు కనిపిస్తాయి: పసుపుది మొదలు, మెజెంటాది చివర. బీమ్‌లన్నీ ఒకే దిశలో పెట్టండి. అడ్డంగా ఉన్నవి ఎడమ నుంచి కుడికి, నిలువుగా ఉన్నవి కింద నుంచి పైకి, కాలమ్ అయితే బేస్ నుంచి పైకి. ఈ క్రమం తప్పితే ఛానెల్, యాంగిల్ లాంటి సెక్షన్లు కొన్ని ఒకవైపు, కొన్ని ఇంకోవైపు తిరుగుతాయి. ఒకేలాంటి బీమ్‌లకి వేరు వేరు సెట్టింగులు పెట్టాల్సొస్తుంది. టాప్ ఆఫ్ స్టీల్ లెవెల్‌లో పాయింట్లు పట్టి, ఆ పాయింట్లకి బీమ్ పైన ఉండాలా, కింద ఉండాలా అని చెప్పే ఎట్ డెప్త్ దగ్గర బిహైండ్ పెట్టండి. అప్పుడు సెక్షన్ మారినా బీమ్ పైతలం కదలదు, లోతు కిందికే మారుతుంది.

బీమ్‌ని కాలమ్ సెంటర్ నుంచి కాలమ్ సెంటర్ వరకు పూర్తిగా లాగండి. కాలమ్ ఫ్లాంజ్ (అంచు పలక) దగ్గర ఆగేలా చేత్తో పొట్టి చేయకండి. పొట్టి చేసే పని కనెక్షన్‌ది. ఎందుకో చెప్పాలంటే కట్‌ల గురించి చెప్పాలి. ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా జాగ్రత్తగా అర్థం చేసుకోవాల్సింది ఇక్కడే ఉంది.

బీమ్ చివరని సరిచేయడానికి ఫిట్టింగ్, లైన్ కట్, పాలిగన్ కట్, పార్ట్ కట్ అని నాలుగు దారులున్నాయి. స్క్రీన్ మీద నాలుగూ ఒకేలా కనిపిస్తాయి, లోపల జరిగేది మాత్రం వేరు. ఫిట్టింగ్ అంటే బీమ్ చివర ఏ తలం దగ్గర ఆగాలో చెప్పడం. కాంపొనెంట్ (సాఫ్ట్‌వేర్‌లో రెడీగా ఉండే కనెక్షన్) లోపల అది అవసరాన్ని బట్టి బీమ్‌ని పొడిగిస్తుంది, తగ్గిస్తుంది కూడా. లైన్ కట్ ఉన్న మెటీరియల్‌లోంచి కోసి పారేస్తుంది, అంతే. పొడిగించడం దానికి రాదు.

అందుకే చివర ఎక్కడ ఆగాలో చెప్పడానికి ఫిట్టింగ్ వాడండి. ఆ చివరకి ఇంకో ఏటవాలు కోత కావాలంటే లైన్ కట్ చేర్చండి. రెండు నియమాలు గట్టిగా గుర్తుంచుకోవాలి. ఒకటి, కాంటూర్ ప్లేట్‌కి (మూలల పాయింట్లు పట్టి గీసిన ప్లేట్‌కి) ఫిట్టింగ్ పనిచేయదు. రెండు, ఒకే చివరకి రెండో ఫిట్టింగ్ పెడితే మొదటిదాన్ని సాఫ్ట్‌వేర్ లెక్కలోకి తీసుకోదు. ఈ రెండోదే చాలా చోట్ల కొంప ముంచుతుంది. చేత్తో ఒక ఫిట్టింగ్ పెట్టి, పైన ఎండ్ ప్లేట్ 144 (144 అనేది కాంపొనెంట్ నంబర్) వేశారనుకోండి. ఆ కాంపొనెంట్ తన ఫిట్టింగ్ తను పెట్టుకుంటుంది, చేత్తో పెట్టింది పక్కకి పోతుంది. రేపు ఎండ్ ప్లేట్ తీసేస్తే ఆ పాతది మళ్లీ పైకొస్తుంది, ఈ గ్యాప్ ఎక్కణ్నుంచి వచ్చిందా అని వెతుక్కోవాలి. సెంటర్ వరకు లాగి కనెక్షన్‌కి వదిలేసిన బీమ్‌కి ఈ గొడవ లేదు. కనెక్షన్ తీస్తే బీమ్ తిరిగి సెంటర్‌కి వెళ్తుంది, లోపం కళ్లెదుటే కనిపిస్తుంది.

పాలిగన్ కట్‌కి ఒక చిన్న సూచన. కోత గీత పార్ట్ అంచు మీదే సరిగ్గా పడకుండా కాస్త బయటికి పెట్టండి. రెండు తలాలు ఒకదాని మీద ఒకటి పడితే ఏది కోయాలో ప్రోగ్రామ్‌కి తేలదు. అక్కడ కోత విఫలమవుతుంది, లేదా పల్చటి పొర మిగిలిపోతుంది.

కనెక్షన్ కాంపొనెంట్లు. ఈ సాఫ్ట్‌వేర్‌కి అసలు బలం ఇదే. క్లిప్ యాంగిల్ 141, ఎండ్ ప్లేట్ 144, షియర్ ప్లేట్ 146, బేస్ ప్లేట్ 1004: సాధారణ బిల్డింగ్‌లో రోజువారీ పని చాలావరకు వీటితో సాగిపోతుంది. ముందు మెయిన్ పార్ట్, తర్వాత సెకండరీ. కాలమ్ ముందు, బీమ్ తర్వాత. సెకండరీలు ఒకటికన్నా ఎక్కువ ఉన్నచోట అన్నీ పట్టుకున్నాక మౌస్ మధ్య బటన్ నొక్కితే కనెక్షన్ తయారవుతుంది. క్రమం తిరగబడితే ప్లేట్ వెళ్లి తప్పు సభ్యుడికి అంటుకుంటుంది.

వేసిన వెంటనే గుర్తు రంగు చూడండి. ఆకుపచ్చ అంటే సరిగ్గా వచ్చింది. ఎరుపు అంటే రాలేదు. పసుపు అంటే వచ్చింది కానీ ఎక్కడో తేడా ఉంది, ఎక్కువగా బోల్ట్ ఎడ్జ్ డిస్టెన్స్ (బోల్ట్ నుంచి ప్లేట్ అంచుకి దూరం) డిఫాల్ట్ విలువకన్నా తగ్గి ఉంటుంది. ఎరుపుని ఎవరైనా సరిచేస్తారు. పసుపుని వదిలేసేవాళ్లే ఎక్కువ, ఎందుకంటే ప్లేట్ ఉంది, బోల్టులున్నాయి, చూడ్డానికి బాగానే ఉంది. పసుపు కనిపించిన ప్రతిచోటా ఎడ్జ్ డిస్టెన్స్ కొలిచి, డిజైనర్ ఇచ్చిన కనీస విలువతో పోల్చి చూడాలి. ఆకుపచ్చ వచ్చినా కనెక్షన్ లోడ్‌కి సరిపోతుందని అర్థం కాదు. ఆ రంగు చెప్పేది ఆకారం గురించే. కనెక్షన్ డిజైన్‌ని తనలోనే కలుపుకుని నడిచే ఎస్‌డీఎస్2 అనే ఇంకో డీటెయిలింగ్ సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే ఇక్కడ డీటెయిలర్ మీద బాధ్యత ఎక్కువ. నా దృష్టిలో ఇది లోపం కాదు గానీ, కనెక్షన్ లెక్కలు ఎవరు చేస్తున్నారో పని మొదలుకాకముందే తేల్చుకోవాలి.

కనెక్షన్లు మార్చేటప్పుడు ఇంకో ప్రమాదం. నలభై కనెక్షన్లు సెలెక్ట్ చేసి, ప్లేట్ మందం ఒక్కటే 10 నుంచి 12కి మార్చాలనుకుంటారు. డైలాగ్‌లో టిక్కులన్నీ ఉండగా మాడిఫై నొక్కితే మందంతో పాటు బోల్ట్ వరసలు, పిచ్ (బోల్టుల మధ్య దూరం), కోప్ (బీమ్ చివర మూల కోత) కొలతలు అన్నీ ఒకే విలువకి మారిపోతాయి. ముందు టిక్కులన్నీ ఒకేసారి తీసేసే బటన్ నొక్కండి, మందం పక్కన ఒక్క టిక్ పెట్టండి, అప్పుడు మాడిఫై చేయండి. కనెక్షన్ తలకిందులుగా వస్తే ఎక్స్‌ప్లోడ్ జోలికి వెళ్లకండి. జనరల్ ట్యాబ్‌లో అప్ డైరెక్షన్ మార్చి చూడండి. ఎక్స్‌ప్లోడ్ చేసిన క్షణం నుంచి అవి విడివిడి ప్లేట్లు, విడివిడి బోల్టులు. బీమ్ సైజ్ మారితే వాటంతట అవి సర్దుకోవు.

బోల్టుల దగ్గరికి వద్దాం. బోల్ట్ గ్రూప్ చేత్తో పెట్టేటప్పుడు మొదటి పాయింట్ గ్రూప్ మొదలు, రెండోది దాని దిశ. కట్ లెంగ్త్ అనే విలువ చిన్నదిగా కనిపించినా దాని పని పెద్దది. బోల్ట్ పాయింట్ నుంచి అటు సగం, ఇటు సగం దూరంలో కలపాల్సిన పార్టుల కోసం అది వెతుకుతుంది. ప్యాకర్ ప్లేట్లు (మధ్యలో ఖాళీ నింపే ప్లేట్లు) చేరి మొత్తం మందం పెరిగితే ఒక ప్లేట్ ఆ పరిధి బయటపడుతుంది, దానికి రంధ్రం పడదు. సైట్‌లో బిగించే రోజున గానీ ఇది బయటపడదు. గ్రూప్ పెట్టాక ఒక సెక్షన్ కోసి, ప్రతి ప్లేట్‌లోనూ రంధ్రం ఉందో లేదో చూడండి.

ఎం20 బోల్ట్‌కి మామూలు రంధ్రం 22 మిల్లీమీటర్లు, అంటే టాలరెన్స్ 2. స్లాట్ కావాలంటే ఎక్స్, వై దిశల్లో ఎంత పొడవో ఇచ్చి, ఏ పార్ట్‌లో స్లాట్ పడాలో కూడా టిక్ పెట్టాలి. ఆ టిక్కులు చూసుకోకపోతే క్లీట్‌లో పడాల్సిన స్లాట్ బీమ్ వెబ్‌లో (మధ్య పలకలో) పడుతుంది. బోల్ట్ బిగించేది షాప్‌లోనా, సైట్‌లోనా అనేది కూడా ఇక్కడే నిర్ణయించాలి. సైట్‌కి పంపాల్సిన బోల్టుల లెక్క దీన్ని బట్టే వస్తుంది.

షాప్ వెల్డ్ రెండు పార్టులని ఒక అసెంబ్లీగా కలుపుతుంది. మొదట పట్టుకున్నది మెయిన్ పార్ట్ అవుతుంది. ముందు స్టిఫెనర్ (బలం కోసం అతికించే ప్లేట్) పట్టుకుని తర్వాత కాలమ్ పట్టుకుంటే, అసెంబ్లీకి స్టిఫెనరే మెయిన్ పార్ట్. మార్క్, అంటే గుర్తింపు నంబర్, ప్లేట్ ప్రీఫిక్స్‌తో (ముందుండే అక్షరాలతో) వస్తుంది, డ్రాయింగ్‌లో ముఖ్య వ్యూ కూడా ప్లేట్ వైపు తిరుగుతుంది. సరిచేయడం తేలికే: అసెంబ్లీకి కొత్త మెయిన్ పార్ట్ నిర్ణయించే కమాండ్ ఉంది. వెల్డ్ చేయడమే మర్చిపోయిన ప్లేట్ సంగతి ఇంకా ఇబ్బంది. అది ఒంటరి అసెంబ్లీగా మిగిలి, బీమ్ డ్రాయింగ్‌లోకి రాకుండా పోతుంది. అసెంబ్లీ లిస్ట్ తీసి, మెయిన్ పార్ట్‌గా ప్లేట్ ఉన్న వరసలు వడకట్టండి. విడిగా పంపాల్సిన ప్లేట్లు తప్ప ఇంకేం కనిపించినా అది వెల్డ్ అందని ముక్కే.

నంబరింగ్. సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే, అన్నిటికన్నా భయపడాల్సిన భాగం కూడా ఇదే. వేల ముక్కల్లో ఒకేలాంటి వాటిని పోల్చి ఒకే మార్క్ ఇస్తుంది, మనిషి చేత్తో చేయలేని పని అది. దాన్నుంచి మంచి ఫలితం రావాలంటే మోడల్ శుభ్రంగా ఉండాలి. ఒక స్టిఫెనర్ పేరు ప్లేట్ అనీ, అలాంటిదే ఇంకోదాని పేరు స్టిఫ్ అనీ ఉందనుకోండి. నంబరింగ్ సెట్టింగుల్లో పార్ట్ నేమ్ టిక్ పెట్టి ఉంటే రెండూ వేరు మార్కులవుతాయి. కోయడానికి ఒకే ముక్క, కాగితం మీద రెండు డ్రాయింగులు. అందుకే పేర్లు, గ్రేడ్, ప్రీఫిక్స్, స్టార్ట్ నంబర్ ప్రాజెక్ట్ మొదట్లోనే సేవ్ చేసిన సెట్టింగులుగా పెట్టి, అందరూ వాటినే లోడ్ చేసుకోవాలి.

సిరీస్‌ల మధ్య ఖాళీ బాగా ఉంచండి. ఒకే ప్రీఫిక్స్‌తో ఒకటి 1 నుంచి, ఇంకోటి 101 నుంచి మొదలైతే, మొదటిది వంద దాటగానే ఒకదాని మీదికి ఒకటి వస్తుంది. ఒకేలా ఉండాల్సిన రెండు ముక్కలకి వేరు మార్కులొస్తే ఊహించుకుంటూ కూర్చోకండి, రెండూ సెలెక్ట్ చేసి పార్ట్ కంపేర్ నడపండి. తేడా ఎక్కడుందో అదే చెబుతుంది. ఎక్కువసార్లు బయటపడేది చేత్తో లాగిన హ్యాండిల్ వల్ల వచ్చిన మిల్లీమీటర్ తేడా.

డ్రాయింగులు ఇష్యూ అయ్యాక ఆట మారుతుంది. మారిన పార్టులకి మూడు దారులున్నాయి: పాతవాటితో పోల్చడం, వీలైతే పాత నంబరే ఉంచడం, కొత్త నంబర్ తీసుకోవడం. రెండోది సౌకర్యంగా ఉంటుంది, మార్క్ మారదు, రివిజన్ వేస్తే చాలు. కానీ షాప్‌లో ఆ ముక్క ఇప్పటికే కోసేసి ఉంటే, ఒకే మార్క్ మీద రెండు ఆకారాలు తిరుగుతాయి. కోత మొదలైన ఫేజ్‌కి (ప్రాజెక్ట్‌లోని దశకి) కొత్త నంబర్ తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఫ్యాబ్రికేటర్ ఒప్పుకోకపోతే, ఏ మార్కులు కోశారో లిస్ట్ తెప్పించుకున్నాకే నంబరింగ్ నడపండి. ఒకేసారి చాలామంది పనిచేసే మల్టీ యూజర్ మోడల్‌లో అయితే మాస్టర్ మోడల్‌తో సింక్రనైజ్ చేసే ఆప్షన్ తప్పకుండా టిక్ పెట్టాలి. అప్పుడు సేవ్, నంబరింగ్, మళ్లీ సేవ్ వరసగా జరుగుతాయి.

పార్టులు ఒకదాన్నొకటి ఢీకొంటున్నాయేమో చూసే క్లాష్ చెక్ గురించి రెండే మాటలు. ఆప్షన్లలో బోల్ట్‌కి టూల్ ఖాళీ కొలతలు ఇవ్వండి, లేకపోతే స్పానర్ దూరని చోటు బయటపడదు. ఒకదాని మీద ఒకటి కూర్చున్న డూప్లికేట్ పార్టులు కూడా ఇందులోనే దొరుకుతాయి. కాపీ రెండుసార్లు నొక్కితే కంటికి తేడా తెలియదు, టన్నేజ్ మాత్రం పెరుగుతుంది.

బలహీనతలు కూడా చెప్పాలి. డ్రాయింగ్ ఎడిటింగ్ మోడలింగ్ అంత సాఫీగా ఉండదు. డైమెన్షన్లు, మార్కులు ఒకదాని మీద ఒకటి పడితే సర్దడానికి చాలా టైమ్ పోతుంది. సొంత కనెక్షన్లు తయారుచేసుకునే కస్టమ్ కాంపొనెంట్ ఎడిటర్ శక్తివంతమైనది, కానీ ప్లేట్లని ప్లేన్లకి కట్టిపడేసే బైండింగులు సరిగ్గా వేయకపోతే బీమ్ సైజ్ మారగానే కనెక్షన్ విరిగిపోతుంది. కనీసం మూడు వేరు సైజుల బీమ్‌ల మీద, ఒక ఏటవాలు బీమ్ మీద వేసి చూశాకే దాన్ని టీమ్‌కి ఇవ్వండి.

చివరగా ఎన్‌సీ. నంబరింగ్ తాజాగా ఉన్నాకే డీఎస్‌టీవీ ఫార్మాట్‌లో ఎన్‌సీ ఫైళ్లు తీయండి. హెడర్‌లో నికర పొడవు రావాలా, స్థూల పొడవు రావాలా, రెండూనా అనే సెట్టింగ్ ఉంది. చివర ఏటవాలుగా కోసిన సభ్యుల్లో ఈ రెండూ వేరుగా ఉంటాయి కాబట్టి మెషీన్ ఏది చదువుతుందో షాప్‌ని అడిగి పెట్టండి. మొత్తం ఫైళ్లు పంపేముందు నాలుగు నమూనాలు ముందుగా పంపండి: కోప్ ఉన్న బీమ్ ఒకటి, స్లాట్ ఉన్న క్లీట్ ఒకటి, ఏటవాలు కోత ఉన్న బ్రేసింగ్ ఒకటి, వంచిన ప్లేట్ ఒకటి. షాప్‌వాళ్లు వాటిని మెషీన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, కొలతలు సింగిల్ పార్ట్ డ్రాయింగ్‌తో సరిపోయాయని చెప్పాక మిగతావి పంపించండి.