టమాటాలో వడలు తెగులుకు బయోచార్ పనిచేస్తుందా? డ్రిప్‌తో కలిపి వాడాక నా రివ్యూ

నమస్కారం అండీ. మదనపల్లె చుట్టుపక్కల టమాటా రైతులు ఈమధ్య నన్ను తరచుగా అడుగుతున్న మాట ఇది: "బయోచార్ వేస్తే చెట్టు చావడం ఆగుతుందా అన్నా?" బయోచార్ అంటే మట్టిలో కలిపే ఒక రకం బొగ్గు. జవాబు ముందే చెప్పేస్తాను. బయోచార్ ఒక్కటే వేస్తే ఆగదు. దాంతోపాటు నీళ్ళు పెట్టే పద్ధతి మార్చుకుంటే తేడా కనిపిస్తుంది. మార్చకపోతే నష్టం పెరిగే అవకాశం కూడా ఉంది. అది ఎందుకో ఈ వీడియోలో వివరంగా చూద్దాం.

మొదట మీ చేనులో ఉన్నది ఏ తెగులో తేల్చుకోవాలి. కింది ఆకులు ముందు పసుపెక్కి, ఒక్కోసారి చెట్టుకు ఒక పక్కే ఎండుతూ వస్తే ఫ్యుజేరియం ఎండు తెగులు అయి ఉండొచ్చు. పొద్దున నిటారుగా ఉన్న చెట్టు మధ్యాహ్నానికి పచ్చగానే వాలిపోయి, కొద్ది రోజుల్లో చచ్చిపోతే బాక్టీరియా వడలు తెగులును అనుమానించాలి. ఇదిగో, ఈ గాజు గ్లాసు చూడండి. వాలిన చెట్టు కాండాన్ని మొదలు దగ్గర కోసి, కోసిన చివర నీళ్ళకు తగిలేలా కదపకుండా పట్టుకున్నాను. కెమెరా దగ్గరికి తెస్తున్నా. కోత నుంచి తెల్లటి సన్నటి దారంలా కిందికి దిగుతోంది కదా? అది రాల్‌స్టోనియా అనే బాక్టీరియా. కాండంలో నీళ్ళు పైకెక్కే దారులను అది మూసేస్తుంది. అందుకే నేల తడిగా ఉన్నా చెట్టు వాలిపోతుంది. చాలామంది ఇది దాహం అనుకుని ఇంకో తడి ఇస్తారు. కాలువ పారకమైతే ఆ నీళ్ళే తెగులును సాలు పొడుగునా మోసుకుపోతాయి.

ఇక బయోచార్. కట్టె, పత్తి కట్టె, కంది కట్టె లాంటివి గాలి సరిగా తగలకుండా కాలిస్తే మిగిలే బొగ్గు ఇది. పొయ్యిలో మిగిలే బూడిద వేరు, ఇది వేరు. దీన్నిండా కంటికి కనపడని రంధ్రాలు ఉంటాయి. నీళ్ళు, పోషకాలు వాటిలో నిలుస్తాయి, మేలు చేసే సూక్ష్మజీవులకు చోటు దొరుకుతుంది. ఇజ్రాయెల్‌లోని వోల్కాని వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2010లో టమాటా, మిరప మీద ఫలితాలు ప్రచురించారు. బయోచార్ మట్టిలో కలిపితే ఆకుల మీద వచ్చే తెగుళ్ళు కూడా తగ్గాయి. ఆకుకు బొగ్గు తగలనే లేదు, అయినా తగ్గిందంటే మొక్క తన సొంత రక్షణను పెంచుకుందన్న మాట. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఇదే.

అయితే మోతాదు దాటితే కథ మారుతుంది. అక్కడివాళ్ళే తర్వాత చేసిన పరీక్షల్లో, మట్టిలో ఒక శాతం లోపు బాగా పనిచేసింది, మూడు శాతానికి వెళ్తే ఆ మేలు పోయింది, కొన్నిచోట్ల తెగులు పెరిగింది కూడా. పైగా ఎకరం మొత్తానికి ఒక శాతం కలపాలంటే ఎంతవుతుందో లెక్క వేయండి. పై ఆరంగుళాల మట్టి సుమారు 800 టన్నులు ఉంటుంది, అంటే 8 టన్నుల బయోచార్ కావాలి. మనకు అది కుదరదు. అందుకే చేనంతా చల్లొద్దు, నాటే చోటే వేయండి. సాలుకు సాలుకు 4 అడుగులు, మొక్కకు మొక్కకు అడుగున్నర పెడితే ఎకరానికి సుమారు 7,260 మొక్కలు పడతాయి. మొక్కకు 200 గ్రాములైతే టన్నున్నర లోపే సరిపోతుంది.

పచ్చి బయోచార్ నేరుగా వేయకండి. అది ముందు తన కడుపు నింపుకుంటుంది, మొక్కకు అందాల్సిన నత్రజనిని తాత్కాలికంగా పట్టేసుకుంటుంది. బాగా చివికిన పశువుల ఎరువుతో కలిపి, తేమ ఉంచి, రెండు మూడు వారాలు నీడలో మాగనివ్వండి. ట్రైకోడెర్మా, సూడోమోనాస్ లాంటి మేలు చేసే సూక్ష్మజీవుల మందులు వాడే అలవాటుంటే ఆ కుప్పలోనే కలపొచ్చు.

ఇప్పుడు అసలు విషయం, నీళ్ళు. మన ఎర్ర గరప నేలల్లో నీళ్ళు తొందరగా దిగిపోతాయని డ్రిప్ ఎక్కువసేపు వదలడం అలవాటైపోయింది. బయోచార్ వేశాక అదే నేల తడిని ఇంకా ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. మీరు మాత్రం పాత గంటలే నడిపిస్తే వేరు దగ్గర ఎప్పుడూ బురదే. ఎండ వేడి, ఆగని తడి రెండూ కలిస్తే రాల్‌స్టోనియాకు అంతకన్నా ఏం కావాలి? బయోచార్ వేశాం కానీ పని చేయలేదు అని చెప్పే చేలల్లో నేను మొదట చూసేది డ్రిప్ వాల్వునే.

వాల్వ్ తిప్పే ముందు ఒక పని చేయండి. మొక్కకు బెత్తెడు దూరంలో జానెడు లోతు తవ్వి, పిడికెడు మట్టి తీసి పిసకండి. వేళ్ళ సందుల్లో నీళ్ళు ఊరితే ఈరోజు డ్రిప్ వద్దు. ఉండ కట్టి, బొటనవేలితో నొక్కగానే విరిగితే చాలినంత తడి ఉంది. ఉండే కట్టకపోతే అప్పుడు వదలండి. ఒకేసారి గంటలకొద్దీ వదిలేకన్నా కొంచెం కొంచెంగా ఇవ్వడం మేలు. డ్రిప్పర్ సరిగ్గా కాండం మొదట్లో కారకుండా లాటరల్‌ను, అంటే సాలు వెంట పరిచే సన్న పైపును, పక్కకు జరపండి. తెగులు వచ్చిన చెట్టును వేరుతో సహా పీకి, చేను బయట కాల్చేయాలి. కాలువలోకి మాత్రం విసరొద్దు, దయచేసి.

కొనేటప్పుడు ఏం చూడాలంటే, చిటికెడు తీసి అరచేతిలో రుద్దండి. మంచిదైతే ఒట్టి నీళ్ళతో చేయి కడిగితే పోతుంది. జిడ్డుగా అంటుకుని సబ్బు అడిగితే సరిగా కాలలేదని అర్థం, తారు మిగిలిపోయింది. తెల్లటి బూడిద ఎక్కువున్నా తీసుకోకండి. ఇంట్లో చేసుకోవాలంటే, హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అదే క్రిడా (CRIDA), 200 లీటర్ల డ్రమ్ముతో పంట కట్టెను బయోచార్‌గా మార్చే బట్టీ తయారుచేసింది. చిన్న రైతుకు నేను అదే చెప్తాను.

మరో జాగ్రత్త. బయోచార్‌కు సాధారణంగా క్షార గుణం ఉంటుంది. అరకు వైపు ఆమ్ల నేలలకు అది వరం. మీ నేల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం కొలత; 7 దాటితే క్షారం) ఇప్పటికే 8 దాటి, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఐరన్, జింక్ మొక్కకు అందక కొత్త ఆకులు పసుపెక్కుతాయి. అలాంటి నేలకు నేను సిఫారసు చేయను. వడలు తెగులు ఏటా వచ్చే చేనుకు కూడా దీన్ని మాత్రమే నమ్ముకోకండి. టమాటా తర్వాత వంగ, మిరప, బంగాళాదుంప వేయకుండా మొక్కజొన్నకు మారండి. వంగ వేరు మీద అంటుకట్టిన టమాటా నారు దొరికితే తీసుకోండి, లేదా అర్క రక్షక్ లాంటి తట్టుకునే రకం చూడండి.

మోతాదు అడిగేవాళ్ళు కామెంట్లో నేల రకం, పీహెచ్, బోరు నీళ్ళు ఎలా ఉంటాయి, డ్రిప్ ఎంతసేపు వదులుతున్నారు, ఈ నాలుగూ రాయండి. అవి లేకుండా ఎకరానికి ఇన్ని బస్తాలు అని నేను చెప్పలేను.