గీత చుట్టూ ఉన్న పని

(విశాఖపట్నం స్టూడియోలో రికార్డ్ చేసిన చర్చ నుంచి. పాల్గొన్నవారు: ఒక ప్రింట్‌మేకర్, అంటే చెక్క, లోహపు ప్లేట్ల మీంచి కాగితం మీదికి బొమ్మలు అచ్చు తీసే కళాకారిణి; ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు.)

వ్యాఖ్యాత: మాస్టారూ, మేడమ్ గారి ప్రింట్ ముందు చాలాసేపు నిలబడ్డారు. ఏం కనిపించింది?

మాస్టారు: తెల్ల కాగితం, దాని మీద ఒక నల్ల గీత. ఇన్నేళ్లు పిల్లలకి గీతలే నేర్పాను. స్కేలు పెడితే నిమిషంలో వచ్చేదానికి ఇంత ప్రెస్సు, ఇంత సిరా ఎందుకా అనిపించింది. తప్పుగా అనుకోకమ్మా.

ప్రింట్‌మేకర్: అడగాల్సిన మాటే మాస్టారూ. జరీనా హాష్మీ అనే ప్రింట్‌మేకర్ 2001లో ‘డివైడింగ్ లైన్’ (విభజన గీత) అని ఒక ఉడ్‌కట్, అంటే చెక్క దిమ్మె చెక్కి తీసే అచ్చు, చేశారు. అది భారత్, పాకిస్తాన్ సరిహద్దు. ఆవిడ పుట్టింది అలీగఢ్‌లో. దేశ విభజన తర్వాత కుటుంబం పాకిస్తాన్ వెళ్లిపోయింది. ఉడ్‌కట్‌లో చెక్కిన చోటు తెల్లగా ఉండిపోతుంది, వదిలేసిన చోటే సిరా అంటుతుంది. అంటే ఆ ఒక్క గీత నిలవాలంటే దానికి ఇటూ అటూ ఉన్న చెక్కంతా ఉలితో తీసేయాలి. ఆవిడ చేసిందదే.

మాస్టారు: అయితే మనం ఖాళీ అనుకున్న చోటే పనంతా ఉందన్నమాట!

వ్యాఖ్యాత: కానీ ఇలా వీలైనంత తక్కువతో బొమ్మ చేసే మినిమలిజంలో చేతి గుర్తే కనపడకూడదంటారు కదా?

ప్రింట్‌మేకర్: అమెరికన్ కళాకారుడు డొనాల్డ్ జడ్ తన లోహపు పెట్టెల్లాంటి శిల్పాల్ని వర్క్‌షాపుల్లో చేయించేవాడు, నిజమే. ఆయన ఉడ్‌కట్ల దిమ్మెలు చెక్కింది మాత్రం వాళ్ల నాన్న! ఆ సంగతి నాకు భలే ఇష్టం. చిత్రకారిణి ఆగ్నెస్ మార్టిన్ 1967లో బొమ్మలు వేయడం మానేసి, 1973లో 30 స్క్రీన్‌ప్రింట్లు చేశారు. అన్నీ గళ్లూ అడ్డగీతలే. పెన్సిల్ గీతలో ఉండే చేతి వణుకు వాటిలో ఉండదు.

మాస్టారు: మరి నీ ప్రింట్?

ప్రింట్‌మేకర్: నాది జింక్ ప్లేటు మీద ఎచింగ్. గీతని యాసిడ్ తొలిచేస్తుంది, సిరా ఆ గాడిలో నిలుస్తుంది. గీయని చోటుతోనే అసలు తంటా. సిరా పూసి, గుడ్డతో తుడిచి, ఆఖర్న అరచేత్తో తుడుస్తాను. బొటనవేలు ఆనిందా, ఆ ముద్ర కాగితం మీదికి దిగిపోతుంది. నిండుగా బొమ్మ ఉంటే అందులో కలిసిపోతుంది. ఒక్క గీత ఉన్న ప్లేటులో దాన్ని ఎక్కడ దాచను? వానాకాలం ఇంకా టెన్షన్. మన సముద్రపు గాలికి తడి కాగితం ఓ పట్టాన ఆరదు, బూజు చుక్క పడితే ఆ ప్రింటు పోయినట్టే.

మాస్టారు: మన చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి గారి ప్రింట్లలో రంగులే రంగులు కదా?

ప్రింట్‌మేకర్: ఒకే ప్లేటు మీద చిక్కటి సిరా, పలచటి సిరా ఒకదానితో ఒకటి కలవకుండా నిలిపే పద్ధతిలో ఆయన దిట్ట. పారిస్‌లోని అట్లియే 17 అనే ప్రింట్ వర్క్‌షాపులో తోటివారితో కలిసి దాన్ని సాధించారు. జరీనా కూడా అక్కడ నేర్చుకున్నవారే. ఆయన శిల్పి కూడా కాబట్టి ప్లేటుని ఎత్తుపల్లాలుగా తొలిచేవారు. చూడ్డానికి వేరే దారి. తీసేయడంలో ఓపిక మాత్రం ఆయనదీ జరీనాదీ ఒకటే.

మాస్టారు: రేపు మళ్లీ వెళ్లి చూస్తానమ్మా.

ప్రింట్‌మేకర్: ఎదురుగా నిలబడకండి మాస్టారూ, లైటు ఏటవాలుగా పడేలా పక్కనుంచి చూడండి. ప్రెస్సు బరువుకి ప్లేటు అంచు కాగితంలోకి ఎంత దిగిందో కనిపిస్తుంది.